రెండో కూతకు కొత్త ఊపిరి

సంక్రాంతి నాటికి కృష్ణా డెల్టాలో వరి కోతలు చాలావరకు అయిపోతాయి. ధాన్యం బస్తాలకెక్కి, మాగాణిలో మినుము పచ్చగా లేచే రోజులవి. ఉయ్యూరు దాటి పామర్రు వైపు వెళ్లినా, అవనిగడ్డ వైపు వెళ్లినా ఏదో ఒక ఊరి హైస్కూలు ఆవరణలో కబడ్డీ బరి కనిపిస్తుంది. సున్నంతో గీసిన గీతలు, కర్రలకు కట్టిన లైట్లు, గొంతు బొంగురుపోయినా మైకు వదలని వ్యాఖ్యాత. కూతకు వెళ్లే కుర్రాడు నడిగీత దాటేముందు ఒక్క క్షణం ఆగి గుండెల నిండా గాలి పీల్చుకుంటాడు. ఆ గాలి ఉన్నంతసేపే వాడి ఆట. కూత ఆగిందా, అవతలి వాళ్లు పట్టుకోకపోయినా వాడు ఔటే. తిరిగి తన గడ్డ మీదికొచ్చి నిలబడి, మళ్లీ కొత్తగా గాలి పీల్చుకున్నాకే రెండో కూత. మొదటి కూతలో మిగిలిన ఊపిరితో రెండోదానికి వెళ్లిన ఆటగాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

సినిమాల్లో మాత్రం చాలాసార్లు చూశాను. మనసారా నవ్వించిన సినిమాకు రెండో భాగం వస్తుందంటే ఆశతో వెళ్తాం. ఇంటర్వెల్‌కే ముఖాలు వాడిపోతాయి. ఆట చుట్టూ అల్లిన హాస్యచిత్రాల్లో ఇది మరీ ఎక్కువ. ఎందుకిలా జరుగుతోంది? నటులు ముసలివాళ్లయ్యారనో, దర్శకుడు మారాడనో, డబ్బు కక్కుర్తనో తేల్చేయడం సులభం. ఆ కారణాల్లో ప్రతిదానికీ ఎదురు ఉదాహరణ ఉంది. అందుకే ఈ ప్రశ్నను ఒక సినిమాకు పరిమితం చేయకుండా, బయటి దేశాల నుంచి మన బెజవాడ గాంధీనగర్ దాకా ఒక వరసలో పెట్టి చూడాలనిపించింది.

బ్యాగులు మోసిన కుర్రాళ్ల నవ్వు

ఈ చర్చ ఎక్కడ జరిగినా మొదట వినబడే పేరు అమెరికా చిత్రం 'కాడీషాక్'. 1980లో వచ్చింది. హెరాల్డ్ రామిస్‌కు దర్శకుడిగా అదే తొలి సినిమా. గోల్ఫ్ ఆడే సంపన్నుల వెంట బ్యాగులు మోస్తూ తిరిగే కుర్రాళ్లను కాడీలంటారు. రచయితల్లో ఒకరైన బ్రయన్ డోయల్ ముర్రే చిన్నతనంలో ఆ పని చేసినవాడే. అందుకే ఆ సినిమాలో కథానాయకుడి మొదటి చింత గోల్ఫ్ కాదు, కాలేజీ ఫీజు. క్లబ్బు ఇచ్చే స్కాలర్‌షిప్ కోసం పెద్దమనుషుల ప్రాపకం సంపాదించాలి. పాత పెద్దరికానికి ప్రతినిధిగా ఒక జడ్జి, కొత్త డబ్బుకు ప్రతినిధిగా రాడ్నీ డేంజర్‌ఫీల్డ్, బొరియలు తవ్వే గోఫర్ మీద యుద్ధం ప్రకటించిన మైదానం పనివాడిగా బిల్ ముర్రే. అన్ని అల్లర్ల మధ్యా బ్యాగు మోసే కుర్రాడి భుజం నొప్పి ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది. అమెరికాలో ఆ సినిమా దాదాపు 4 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఎనిమిదేళ్ల తర్వాత, 1988లో, 'కాడీషాక్ 2' వచ్చింది. దర్శకుడు అలన్ ఆర్కుష్. మొదటి సినిమా ప్రధాన తారల్లో తిరిగి వచ్చినవాడు చెవీ చేజ్ ఒక్కడే. అతను కాక ఆ గోఫర్. డేంజర్‌ఫీల్డ్ లేడు, బిల్ ముర్రే లేడు. రామిస్ పేరు రచనలో ఉంది కానీ, ఆ సినిమా గురించి తర్వాత ఆయనే సంతోషంగా మాట్లాడలేదు. వసూళ్లు సుమారు 1.2 కోట్ల డాలర్లకు పడిపోయాయి. ఆ ఏడాది చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల్లో రెండు దీనికి దక్కాయి.

తారలు రాకపోవడం ఒక్కటే కారణమని చాలామంది అంటారు. నా దృష్టిలో అసలు దెబ్బ కథలో తగిలింది. రెండో సినిమాలో గొడవ క్లబ్బులో చేరాలనుకునే కోటీశ్వరుడికీ, చేర్చుకోని కోటీశ్వరులకూ మధ్య. అతను క్లబ్బునే కొనేసి, గోల్ఫ్ మైదానాన్ని తిరునాళ్ల ప్రాంగణంలా మార్చేస్తాడు. బ్యాగు మోసే కుర్రాడు పక్కకు పోయాడు. వాడితోపాటు వాడి అవసరం పోయింది. ఆఖరికి ఆ మైదానం కూడా పోయింది. సినిమా పేరులో మాత్రం కాడీలు మిగిలారు.

ఈ రెండు నష్టాలనూ గుర్తుపెట్టుకుందాం. ఒకటి ఆకలి, రెండోది గడ్డ. మిగిలిన ఉదాహరణల్లో ఇవే తిరిగి తిరిగి ఎదురవుతాయి.

1976లో వచ్చిన 'ది బ్యాడ్ న్యూస్ బేర్స్' ఓటమికి అలవాటుపడిన పిల్లల బేస్‌బాల్ జట్టు కథ. తాగుబోతు కోచ్‌గా వాల్టర్ మాథౌ నటన ఈనాటికీ పాఠమే. మరుసటి ఏడాదే రెండో భాగం తీశారు. మాథౌ లేడు. ఆ పిల్లలను ఊరు దాటించి హ్యూస్టన్ మహానగరంలోని పెద్ద స్టేడియానికి తీసుకుపోయారు. 1978లో మూడోసారి ఏకంగా జపాన్ పంపారు. దూరం పెరిగినకొద్దీ నవ్వు తరిగింది. 1989 నాటి 'మేజర్ లీగ్'లో క్లీవ్‌లాండ్ జట్టులోని పనికిరాని ఆటగాళ్లు కసిగా గెలిస్తే జనం పండగ చేసుకున్నారు. 1994లో రెండో భాగం వచ్చేసరికి అదే ఆటగాళ్లకు డబ్బు, పేరు, వ్యాపార ప్రకటనలు వచ్చేశాయి. గెలుపు మనిషిని మెత్తబరుస్తుందన్న మంచి ఆలోచన ఆ కథలో ఉంది. కానీ మెత్తబడినవాణ్ని చూసి నవ్వడం, ఆకలితో ఉన్నవాడితో కలిసి నవ్వడం ఒకటి కావు. మొదటిది దూరం నుంచి చూసే నవ్వు. రెండోది పక్కన కూర్చుని నవ్వే నవ్వు.

పరోటా లెక్క

ఇప్పుడు మనకు దగ్గరగా వద్దాం. 2009లో తమిళ దర్శకుడు సుశీంద్రన్ 'వెన్నిల కబడ్డి కుళు' తీశాడు. ఆయనకూ, కథానాయకుడు విష్ణు విశాల్‌కూ అదే తొలి సినిమా. మేకలు కాసుకునే కుర్రాడు, ఎప్పుడూ ఓడిపోయే ఊరి కబడ్డీ జట్టు, తిరునాళ్లకు వచ్చిన పట్నం అమ్మాయి, కాస్త ఆలస్యంగా దొరికిన కోచ్. గెలుపు అందిన చోటే కథానాయకుడి చావు ఎదురవుతుంది. కన్నీళ్లతో ముగిసే ఆ సినిమాలో మూడొంతులు నవ్వే.

ఆ నవ్వుకు గుర్తుగా ఇప్పటికీ చెప్పుకునేది సూరి పరోటా సన్నివేశం. యాభై పరోటాలు తింటే డబ్బు ఇవ్వనక్కరలేదని హోటలు పందెం. తిన్న ప్రతి పరోటాకూ ఒక గీత గీస్తారు. లెక్క దగ్గర తకరారు వస్తుంది. సూరి పాత్ర వాదించి గెలవడానికి ప్రయత్నించదు. గీతలన్నీ చెరిపేయండి, మొదటి నుంచి తింటానంటుంది. హోటలువాడి ముఖం పాలిపోతుంది. ఆ ఒక్క సన్నివేశంతో సూరికి 'పరోటా సూరి' అన్న పేరు ఇంటిపేరులా స్థిరపడిపోయింది. తర్వాతెప్పుడో వెట్రిమారన్ 'విడుదలై'లో కథానాయకుడై, నవ్వించడమే కాక ఏమేం చేయగలడో చూపించాడు.

ఆ తమిళ సినిమానే 2010లో 'భీమిలి కబడ్డీ జట్టు'గా మనం చూశాం. నాని కథానాయకుడు, శరణ్య మోహన్ నాయిక. కోచ్‌గా తమిళంలో చేసిన కిశోరే ఇక్కడా చేశాడు. దర్శకుడు తాతినేని సత్య. తాతినేని ప్రకాశరావు, తాతినేని రామారావులను సినిమాకిచ్చిన కృష్ణా జిల్లా కుటుంబం అది. పరాయి భాష కథను భీమునిపట్నం సముద్రపు గాలిలోకి తేవడంలో ఆయన పడిన శ్రమ తెరమీద కనిపిస్తుంది. పెద్ద పెద్ద విజయాల పక్కన ఆ సినిమా చిన్నదే కావచ్చు. కానీ నాని తర్వాత 'జెర్సీ'లో క్రికెటర్‌గా మనల్ని ఏడిపించడానికి తొలి అడుగు ఆ మట్టి బరిలోనే పడిందని నా నమ్మకం.

తెలుగులో దానికి రెండో భాగం రాలేదు. తమిళంలో పదేళ్ల తర్వాత, 2019లో, 'వెన్నిల కబడ్డి కుళు 2' వచ్చింది. కథ సుశీంద్రన్‌దే. దర్శకత్వం సెల్వశేఖరన్, కథానాయకుడు విక్రాంత్. సూరి, కిశోర్ మళ్లీ వచ్చారు. మొదటి కథానాయకుడు చనిపోయాడు కనుక కథను వెనక్కి, 1980ల కాలానికి నడిపించారు. కబడ్డీ పిచ్చి ఉన్న తండ్రి, ఆ పిచ్చి విలువ ఆలస్యంగా తెలుసుకునే కొడుకు. విడిగా వింటే మంచి కథే. తండ్రిగా పశుపతి చేశాడు. అయినా చూసినవాళ్లు నిరాశగా బయటికొచ్చారు. ఎందుకంటే ఆ తండ్రీకొడుకుల కథకు సొంత కాళ్లు ఉన్నా, పాత జట్టు భుజాల మీద మోయించారు. ప్రేక్షకుడు పాత నవ్వు కోసం ఎదురుచూస్తూ కొత్త బాధను సరిగా వినలేకపోయాడు. పరోటా సన్నివేశంలో సూరి నేర్పిన పాఠాన్ని అదే జట్టు మర్చిపోయింది. గీతలు చెరపకుండా యాభై ఒకటో పరోటా వడ్డించింది.

దీని పక్కన పెట్టి చూడాల్సిన మరో జంట 'చెన్నై 600028'. 2007లో వెంకట్ ప్రభు తొలి చిత్రం. నిర్మాత మన ఎస్.పి.బి. చరణ్. పిన్‌కోడే పేరుగా పెట్టుకున్న ఆ గల్లీ క్రికెట్ సినిమాలో ప్రతి ఇంటి అరుగూ, ప్రతి మేడ పిట్టగోడా ఆటలో భాగమే. 2016లో 'సెకండ్ ఇన్నింగ్స్' అన్న ఉపశీర్షికతో రెండోది వచ్చింది. అదే దర్శకుడు, దాదాపు అదే మిత్రబృందం. పెళ్లిళ్లయి, బాధ్యతలొచ్చి, బ్యాటు పట్టడానికి ఇంట్లో అనుమతి అడగాల్సిన వయసు. అది నిజమైన మార్పు గనుక ఆ సినిమా పూర్తిగా పడిపోలేదు, చాలామందికి నచ్చింది కూడా. ఒక మిత్రుడి పెళ్లి పేరుతో కథ తేని ప్రాంతానికి వెళ్లిపోయినప్పుడు మాత్రం పిన్‌కోడు పేరులోనే మిగిలింది. ఆ గల్లీ లేని లోటు నాకు చివరిదాకా తెలుస్తూనే ఉంది.

మన వరస

తెలుగులో ఆట సినిమాలు తక్కువేం కాదు. 'తమ్ముడు' (1999)లో కిక్‌బాక్సింగ్, 'ఒక్కడు' (2003)లో కబడ్డీ, 'సై' (2004)లో రగ్బీ, 'గోల్కొండ హైస్కూల్' (2011)లో బడిపిల్లల క్రికెట్. ఇవి చాలావరకు పట్టుదల కథలు, హాస్యం వాటిలో పక్కవాద్యం. కబడ్డీనీ నవ్వునూ సమానంగా ఒకే బరిలో దించిన సినిమా అంటే నాకు మొదట తోచేది 2003లో జగపతిబాబు, కల్యాణి నటించిన 'కబడ్డీ కబడ్డీ'. దానికీ రెండో భాగం లేదు. కనుక మన దగ్గర ఈ ప్రశ్నను ఆటతోనే కాక, హాస్యంతో కలిపి చూడాలి. అక్కడ ఉదాహరణలకు కొదవ లేదు.

1993 నాటి 'మనీ'తో మొదలుపెడదాం. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన శివనాగేశ్వరరావు దర్శకుడు. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ నిర్మాత. అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్ల దరిద్రమే ఆ హాస్యానికి పెట్టుబడి. ఖాన్ దాదాగా బ్రహ్మానందం తెలుగు హాస్యంలో శాశ్వతమైన వేషం వేశాడు. రెండేళ్లలోపే 'మనీ మనీ' వచ్చింది, 2011లో జె.డి. చక్రవర్తి దర్శకత్వంలో 'మనీ మనీ మోర్ మనీ' వచ్చింది. పేరులో మనీ పెరిగినకొద్దీ కుర్రాళ్ల అవసరం తగ్గింది. ఖాలీ జేబు కలిగించిన నవ్వును నిండు జేబు కలిగించలేదు.

2004లో 'శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.', 2007లో 'శంకర్‌దాదా జిందాబాద్'. రెండూ హిందీ మున్నాభాయి చిత్రాలకు రీమేకులు. హిందీలో 'లగే రహో మున్నాభాయి' (2006) రెండో భాగాలకే ఒక కొలమానమైంది. రాజ్‌కుమార్ హిరాణీ తన రౌడీని మళ్లీ ఆసుపత్రికి పంపలేదు. గాంధీజీ ఎదుట కూర్చోబెట్టాడు. కొత్త ఊపిరి అంటే అదీ. తెలుగులో అదే కథ అంత పట్టు ఎందుకు సాధించలేదు? రీమేకు కావడమే కారణమనలేం, మొదటిదీ రీమేకే కదా. గాంధీగిరి అన్న మాట అప్పటికే దేశమంతా పాకిపోయింది. ప్రేక్షకుడు ఆశ్చర్యపోవాల్సిన చోట ముందే తెలిసిపోయింది. ఆశ్చర్యం లేని హాస్యం ఆవిరి పోయిన ఇడ్లీ లాంటిది. అదే పిండి, అదే వంట, తినబుద్ధి కాదు.

2009లో 'కిక్', 2015లో 'కిక్ 2'. రెండింటికీ సురేందర్ రెడ్డే దర్శకుడు, రవితేజే కథానాయకుడు. కనుక మనుషులు మారడం వల్లే సినిమా చెడిందన్న వాదన ఇక్కడ నిలవదు. మొదటి సినిమాలో కిక్ అన్నది ఒక మనిషి స్వభావం. అతను చేసే ప్రతి పిచ్చిపనికీ అదే మూలం. రెండోదాంట్లో ఆ మనిషి కొడుకు వచ్చాడు, అతని స్వభావం వేరు. కథ దూరాన బీహారులోని ఒక ఊరికి పోయింది. స్వభావమూ పోయింది, గడ్డా పోయింది.

'గబ్బర్ సింగ్' (2012) కూడా హిందీ 'దబాంగ్'కు రీమేకే. కానీ హరీశ్ శంకర్ దాన్ని కొండవీడుకు తెచ్చి నాటాడు. మన పక్కనే ఉన్న కొండ, మనకు తెలిసిన రెడ్డిరాజుల కోట, మనం రోజూ వినే వెటకారం. పోలీస్‌స్టేషన్‌లో రౌడీల చేత అంత్యాక్షరి పాడించిన సన్నివేశం ఆ ధైర్యం లోంచే పుట్టింది. 2016లో 'సర్దార్ గబ్బర్ సింగ్' వచ్చింది. పవన్ కల్యాణ్ స్వయంగా కథ రాశారు, బాబీ దర్శకత్వం వహించారు. కథ రతన్‌పూర్ అనే కల్పిత ఊళ్లో నడిచింది. కోటలు, గుర్రాలు పెరిగాయి. కొండవీడు లేదు. నా మటుకు నాకు ఆ సినిమా లోటు ఒక్క మాటలో చెప్పాలంటే అదే.

'మన్మథుడు' (2002) విజయభాస్కర్ దర్శకత్వం, త్రివిక్రమ్ మాటలతో ఇప్పటికీ ఇంటింటా నడుస్తున్న సినిమా. 2019లో 'మన్మథుడు 2' వచ్చింది. అది ఒక ఫ్రెంచి చిత్రానికి అధికారిక రీమేకు. కథ పోర్చుగల్‌లో. మొదటిదానితో చుట్టరికం నాగార్జున, ఆ పేరు మాత్రమే. వేరే పేరుతో వచ్చి ఉంటే ప్రేక్షకుడు దానిని దాని కొలతతోనే కొలిచేవాడు. పాత పేరు పెట్టడం వల్ల ప్రతి సన్నివేశం పక్కనా పాత సన్నివేశం వచ్చి నిలబడింది.

గాంధీనగర్ నుంచి చూస్తే

ఈ పేరు దగ్గరే వ్యాపారం మొదలవుతుంది. 1921లో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు కట్టిన నాటి నుంచి బెజవాడ సినిమా ఊరే. గాంధీనగర్ పంపిణీ కార్యాలయాల నుంచి రీళ్ల పెట్టెలు బస్సుల మీద డెల్టా ఊళ్లకు వెళ్లిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఇప్పుడు పెట్టెలు లేవు, సినిమా ఉపగ్రహం మీదుగా దిగుతుంది. కానీ సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలుగా కోసి అమ్మే పద్ధతి మారలేదు.

కొనేవాడి స్థానంలో నిలబడి చూడండి. సినిమా ఇంకా పూర్తి కాలేదు. కథ అతనికి తెలియదు. అతని చేతిలో ఉన్న ఆధారం పేరొక్కటే. ఆ పేరుతో గతంలో తన హాళ్ల ముందు కట్టిన క్యూ అతనికి గుర్తుంది. రెండో భాగమంటే ఓపెనింగ్స్ ఖాయమన్న ధీమా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. పొలం కౌలుకు తీసుకునే రైతు కూడా నిరుటి దిగుబడి చూసే లెక్క వేసుకుంటాడు. చిక్కు ఎక్కడంటే, ఆ లెక్క నిర్మాణంలోకి కూడా పాకుతుంది. పేరే అమ్ముడవుతున్నప్పుడు కథ మీద పెట్టాల్సిన ఏడాది శ్రమ ఖర్చులా కనిపిస్తుంది. మార్నింగ్ షో అయ్యేసరికి టాక్ వచ్చేస్తుంది. మాట్నీకి హాలు పలచబడుతుంది. నష్టం మోసేది చివరికి ఏరియా కొన్నవాడు, హాలు నడిపేవాడు, క్యాంటీన్‌లో సమోసాలు వేయించి ఎదురుచూసేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. హాస్యచిత్రాన్ని మనం ఒక్కసారి చూసి ప్రేమించం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో వస్తే మళ్లీ చూస్తాం. మాటలు కంఠతా వచ్చేస్తాయి. విజయవాడలో పెరిగిన జంధ్యాల సినిమాలు మన ఇళ్లలో ఎలా బతుకుతున్నాయో చూడండి. 'అహ నా పెళ్లంట'లో కోట శ్రీనివాసరావు, కంకిపాడులో పుట్టిన ఆ మహానటుడు, వేలాడే కోడిని చూస్తూ అన్నం తింటున్న దృశ్యం చూడని తెలుగు ఇల్లుంటుందా? ఇరవైసార్లు చూసి ఇంటి మనిషిని చేసుకున్న సినిమాతో, ఒక్కసారి చూసిన సినిమా పోటీపడాలి. ఇది న్యాయమైన పోటీ కాదు. రెండో భాగాలను తిట్టేటప్పుడు ఈ మాట కూడా మనం ఒప్పుకోవాలి. ప్రేక్షకులుగా మనమూ మొదటి స్కోరు చేతిలో పట్టుకునే హాల్లోకి వెళ్తున్నాం.

అయితే మళ్లీ అదే నవ్వు కావాలనే కోరికకు ఈమధ్య ఒక నిజాయితీ అయిన దారి దొరికింది. అదే రీరిలీజ్. 2023 జనవరిలో 'ఒక్కడు', 2024 సెప్టెంబరులో 'గబ్బర్ సింగ్' మళ్లీ హాళ్లకొచ్చాయి. మొదటిసారి విడుదలైనప్పుడు పుట్టని పిల్లలు తెర ముందు గంతులేశారు. పాతదే కావాలంటే పాతదే వేద్దాం, అందులో మోసం లేదు. రెండోది తీస్తున్నామంటే మాత్రం అది రెండోది కావాలి.

నిలబడినవి

అలా నిలబడినవీ ఉన్నాయి. 'డీజే టిల్లు' (2022)కు కొనసాగింపుగా వచ్చిన 'టిల్లు స్క్వేర్' (2024)లో దర్శకుడు మారాడు, నాయిక మారింది. కానీ రచన సిద్ధు జొన్నలగడ్డ చేతిలోనే ఉంది. టిల్లు హైదరాబాదు గల్లీ దాటలేదు, ఆ యాస వదల్లేదు. ముఖ్యంగా, మొదటిసారి దెబ్బతిన్నవాడు మళ్లీ అదే గోతిలోకి కళ్లు తెరుచుకుని నడుస్తుంటే వచ్చే కంగారు కొత్తది. 'మత్తు వదలరా' (2019), దాని రెండో భాగం (2024) రెండింటికీ రితేశ్ రాణానే దర్శకుడు. శ్రీసింహా, సత్య జంట అదే. రెండోసారీ జేబులో డబ్బుల్లేవు, కాబట్టి ఆత్రం అలాగే ఉంది.

ఈ వరసంతా చూశాక నాకు తేలింది ఇది. తారలు మారినా రెండో భాగం బతకవచ్చు. దర్శకుడు మారినా బతకవచ్చు. ఏళ్లు గడిచినా బతకవచ్చు. పాత్రల అవసరం తీరిపోయినప్పుడు, వాళ్లను తమ గడ్డ మీంచి పెకలించినప్పుడు మాత్రం బతకడం కష్టం. ఆట సినిమాకు ఈ కష్టం రెండింతలు. మొదటి సినిమా చాలావరకు కప్పు గెలవడంతో ముగుస్తుంది. కప్పు గెలిచిన జట్టుకు అవసరమేముంది? రచయిత వాళ్లకు నిజమైన కొత్త అవసరాన్ని వెతికి ఇవ్వాలి. విలన్ బలం పెంచడం, స్టేడియం సైజు పెంచడం దానికి మారు కావు.

అలాంటి కొత్త అవసరం ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు మా డెల్టాలోనే ఒక జీవితం చూపిస్తాను. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ల వయసులో, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో ఆ హోదా అందుకున్న అతి పిన్న మహిళ ఆమే. సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది. పెళ్లయింది, 2017లో కూతురు పుట్టింది, ఆటకు విరామం వచ్చింది. 2019లో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. చదరంగం బల్ల అదే, పావులు అవే, మనిషి అదే. కానీ రెండోసారి కూర్చున్నది బాలమేధావి కాదు. పసిబిడ్డ తల్లి, తన కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లతో తలపడుతున్న క్రీడాకారిణి. ఆమె పాత విజయాన్ని మళ్లీ ఆడలేదు, కొత్త ఆట ఆడింది. రెండో భాగానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

మన సినిమా రచయితలు ఈ దిక్కుగా చూడాలని నా కోరిక. ఊరి కబడ్డీ జట్టు కప్పు గెలిచిన పదేళ్లకు ఏమవుతుంది? ఒకడు ఆక్వా చెరువుల మీద మేతలు వేస్తుంటాడు. ఒకడు హైదరాబాదులో డ్రైవరు. ఒకడి మోకాలు పోయింది. వాడి కూతురు బడిలో కబడ్డీ ఆడతానంటే ఇంట్లో వాడే వద్దంటాడు. ఇందులో నవ్వుంది, నొప్పుంది, మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే ఆట ఉంది. దీనికి బీహారు వెళ్లక్కర్లేదు, పోర్చుగల్ వెళ్లక్కర్లేదు. బందరు కాలువ గట్టు వెంబడి ఒక సాయంత్రం నడిస్తే చాలు.

ఆ గట్టు పక్క ఊరి బడిలో, సంక్రాంతి లైట్ల వెలుగులో, పాయింటు తెచ్చిన కుర్రాడు తన గడ్డ మీదికి తిరిగొస్తాడు. చప్పట్లు ఇంకా ఆగవు. వాడు వాటిని పట్టించుకోడు. నడుం మీద చేతులు పెట్టుకుని, తల వంచి, ఊపిరి కుదురుకునేదాకా ఆగుతాడు. తన వంతు వచ్చాక మళ్లీ నడిగీత దగ్గరికి నడిచి, గుండెల నిండా గాలి పీల్చుకుని, మొదటిసారి వెళ్తున్నవాడిలాగే కూత మొదలుపెడతాడు.